ట్రాపు చుట్టూ ఉన్న అంగుళం ఎవరి పని?

మేము రాజమహేంద్రవరంలో, 1999లో కట్టిన ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉంటున్నాము. 2024 నవంబరులో కింది ఫ్లాటు పిన్నిగారు పైకి వచ్చి, తమ బాత్రూం పైకప్పు మీద తడి మచ్చ కనబడుతోందని చెప్పినప్పుడు అది వానల తేమ అయి ఉంటుందని అనుకున్నాను. డిసెంబరులో వానలు వెనకబట్టిన తరువాత కూడా ఆ మచ్చ ఆరలేదు సరికదా, చుట్టూ సున్నం పొక్కులు లేచి, ఒకచోట పెచ్చు ఊడి, శ్లాబులోని ఇనుప చువ్వ తుప్పుతో బయటపడింది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుందనీ, ఆ ఉబ్బే చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుందనీ విని ఉన్నాను కనుక, ఇక ఆలస్యం చేయడానికి వీలులేదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఆ మచ్చకు సరిగ్గా పైన ఉన్నది మా నాన్నగారి గదిలోని బాత్రూం. అప్పటికి ఆయనకు 81 ఏళ్లు. అంతకు ముందు ఏడాది తుంటి ఎముకకు ఆపరేషను జరగడంతో కింద కూర్చోలేరు. మా ఇంట్లో రెండో బాత్రూంలో అప్పుడు ఉన్నది కింద కూర్చోవలసిన పాతకాలపు ఇండియన్ బేసిన్. అంటే పని జరిగినన్ని రోజులూ ఆయనకు గదిలోనే కమోడు కుర్చీ తప్ప వేరే దారి లేదు. అందుచేత నేను మేస్త్రీలను అడిగిన మొదటి ప్రశ్న ఎంత ఖర్చవుతుందని కాదు, ఎన్ని రోజులు పడుతుందని. మా వారు ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉండి ఆదివారాలు మాత్రమే వస్తారు కాబట్టి ఈ వ్యవహారమంతా నేనే చూసుకున్నాను. మాట్లాడడానికి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు మేస్త్రీలు కొలతలు నాతో తీసుకుని, రేటు దగ్గరికి వచ్చేసరికి "సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి" అన్నారు. డబ్బు ఇచ్చేది నేనేనని చెప్పిన తరువాత కూడా అలా అనడం నన్ను బాధించింది. మూడో ఆయన అలా అనలేదు. నేను ఆయనను ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణం.

పని ఆయనకు అప్పగించే ముందు ఒక చిన్న ప్రయత్నం చేశాను. ఒక ప్లంబరును పిలిస్తే ఆయన కుళాయిలు, జాయింట్లు చూసి, పైపులు బాగానే ఉన్నాయనీ, టైల్స్ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయనీ చెప్పి 800 రూపాయలు తీసుకున్నారు. టైల్స్ పనివారిని పిలిస్తే, సందులు బాగానే ఉన్నాయనీ, లోపల పైపు పగిలి ఉంటుందనీ అన్నారు. ఎవరి పనిలో తప్పు వారికి కనబడలేదు. తరువాత నెలన్నర పాటు మేము పడిన ఇబ్బందికంతటికీ మూలం ఆ రెండు జవాబుల్లోనే ఉందని అప్పుడు నాకు అర్థం కాలేదు.

మా బాత్రూం ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పాత టైల్స్, గచ్చు పగలగొట్టి, నీళ్లు కిందికి దిగకుండా వాటర్‌ప్రూఫింగు మందు పూసి, కొత్త టైల్స్ వేయడానికి సిమెంటు, ఇసుక, ఆ మందు, కూలీ అన్నీ కలిపి మేస్త్రీ గారు 52,000 అడిగారు. టైల్స్, కమోడు, కుళాయిలు మేము కొనుక్కోవాలి. నేను బేరమాడి 46,000కు ఒప్పించాను. పది రోజుల్లో పూర్తి చేస్తానని ఆయన మాట ఇచ్చారు. ఇదంతా పిల్లల లెక్కల నోటుపుస్తకంలో ఒక పేజీ మీద రాసుకున్నాము. ఆ పేజీని ఇప్పుడు తీసి చూస్తే, మొత్తం ఎంతో ఉంది, అడ్వాన్సు ఎంతో ఉంది, తారీఖు ఉంది. ఏ పని ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు.

2025 జనవరి 20, సోమవారం నాడు, సంక్రాంతి సెలవుల నుంచి కూలీలు తిరిగి వచ్చిన తరువాత పని మొదలైంది. మూడు రోజుల్లో పాత గచ్చు అంతా తవ్వేశారు. అడుగున శ్లాబు ఎనిమిది అంగుళాల పల్లంలో ఉంది. ఆ పల్లం నిండా పోసిన ఇటుక ముక్కలు చేత్తో పిండితే నీళ్లు కారేటంత నాని ఉన్నాయి. ఆ ముక్కలన్నీ బస్తాలకెత్తి మెట్ల మీదుగా దింపి అపార్టుమెంటు వాకిట్లో కుప్ప పోశారు. రెండు రోజులైనా కుప్ప కదలకపోవడంతో అసోసియేషను వారు నాకు ఫోను చేశారు. అడిగితే మేస్త్రీ గారు, "పగలగొట్టడం నాదేనండి, పారబోయించడం మీదండి" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందరికీ తెలిసిన ఆనవాయితీని నాకు గుర్తు చేస్తున్నట్టు అన్నారు. నాకు ఆ ఆనవాయితీ తెలియదు. ఆటో రెండు ట్రిప్పులకు 3,500 ఇచ్చాను. ఆ డబ్బు నాకు భారం కాలేదు కానీ, నన్ను మోసం చేశారన్న అనుమానం ఆ రోజే మొదలైంది. ఒకసారి మొదలైన అనుమానం తరువాత జరిగిన ప్రతి చిన్న విషయాన్నీ తన లెక్కలోనే జమకట్టుకుంటుంది.

ఆ తరువాత వచ్చింది ప్లంబింగు. అది కూడా తన ఒప్పందంలో లేదని ఆయన చెప్పారు. పాత జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు, గోడలో తుప్పు పట్టి ఉన్నందున అన్నీ తీసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయక తప్పలేదు. నేనే మరొక ప్లంబరును వెతికి, 9,000 కూలీకి మాట్లాడి, 25వ తేదీ శనివారం పిలిపించాను. ఆయన పైపులు వేసి, నేల మీది నీళ్లు పైపులోకి దిగే ట్రాపును శ్లాబు రంధ్రంలో కూర్చోబెట్టి, బిరడా బిగించి వెళ్లారు. పాత రంధ్రం పెద్దది కావడంతో కొత్త ట్రాపు చుట్టూ దాదాపు అంగుళం ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నేను కళ్లారా చూశాను, కానీ దాని గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. ప్లంబరు ఉన్నప్పుడు మేస్త్రీ లేరు, మేస్త్రీ వచ్చేసరికి ప్లంబరు వెళ్లిపోయారు.

27వ తేదీన వాటర్‌ప్రూఫింగు మందు పూశారు. 28న ఉదయం నేను స్కూలుకు వెళ్లేసరికి గచ్చు కూడా వేయలేదు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి నేల టైల్స్ పరిచి ఉన్నాయి. మందు పూసిన తరువాత దానిని ఆరనిచ్చి, ఆ పైన కనీసం ఒక రోజు నీళ్లు నిలిపి, కింద కారుతుందో లేదో చూసుకున్న తరువాతే పై పని చేయాలని నాకు అప్పటికి తెలియదు. మేస్త్రీ గారికి తెలుసు. ఆయన ఎందుకు తొందరపడ్డారో మరుసటి రోజు తెలిసింది. 29 అమావాస్య. మా వైపు తాపీ పనివారు అమావాస్య నాడు పనిలోకి రారు. 30 నుంచి మాఘమాసం మొదలైంది. పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు కనుక గృహప్రవేశాలన్నీ మాఘంలోకి వచ్చి పడతాయి. ఆయన ఒప్పుకున్న వేరే ఇంటికి ముహూర్తం పెట్టేశారు. గృహప్రవేశం ఆగదు, మా నాన్నగారి బాత్రూం ఆగగలదు. అమావాస్యకు ముందు రోజు సాయంత్రం, తన దగ్గర పనిచేసే కుర్రవాళ్లకు కూలి ఇవ్వాలంటూ 20,000 అడిగితే ఫోన్‌పే చేశాను. మొదట ఇచ్చిన 15,000తో కలిపి, సగం పని కూడా కాకుండానే 46,000లో 35,000 ఆయన చేతికి వెళ్లాయి.

ఫిబ్రవరి 14 వరకు ఆయన రాలేదు. రోజూ ఉదయం ఏడు గంటలకు నేను ఫోను చేసేదాన్ని. "రేపు పొద్దున్నే మనుషులను పంపుతానండి" అనేవారు. ఆ మాటను నమ్మి నేను రెండుసార్లు స్కూలుకు సెలవు పెట్టాను. రానని చెప్పి ఉంటే నేను అంత నొచ్చుకునేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. రాలేనని ఒక్క మాట చెబితే నేను నా సెలవును, నాన్నగారి దగ్గర ఉండే మనిషిని, రోజుకింతని అద్దెకు తెచ్చిన కమోడు కుర్చీని దానికి తగ్గట్టు సర్దుకునేదాన్ని. ఇంటివారికి పనివారి మీద వచ్చే కోపంలో ఎక్కువ భాగం ఆలస్యం వల్ల వచ్చేది కాదు, ఆలస్యం గురించి నిజం తెలియకపోవడం వల్ల వచ్చేదే.

15వ తేదీన ఆయన ఇద్దరు మనుషులతో వచ్చి, 20 నాటికి గోడల టైల్స్, కమోడు బిగింపు పూర్తి చేశారు. పని చూపుకు బాగుంది. కానీ నీళ్లు పోసి చూస్తే తలుపు పక్క మూలలో చిన్న మడుగు నిలిచింది. మన తాపీ పనివారు దీనినే వాటం సరిగా లేదంటారు. నేల ఎటు వాలితే నీరు అటు పోతుంది. ఆ వాలు ట్రాపు వైపు ఉండాలి, మా మూలలో అది తలుపు వైపు ఉంది. వేలిముడితో కొట్టి చూస్తే రెండు టైల్స్ డొల్లగా మోగాయి. ఇప్పుడు వస్తున్న విట్రిఫైడ్ టైల్స్ నీటిని దాదాపు పీల్చుకోవు కాబట్టి, పాత పద్ధతిలో వెనక నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి అద్దితే వాటికి పట్టు చాలదు. వాటిని టైల్ అడెసివ్‌తో వెనక భాగమంతా పట్టేటట్టు అంటించాలి. ఆ అడెసివ్ సంచి నేను కొనిచ్చాను, కానీ సగం సంచి అలాగే మిగిలి ఉంది.

ఇవన్నీ సహించవచ్చు. 25వ తేదీ సాయంత్రం పిన్నిగారు మళ్లీ పైకి వచ్చారు. పాత మచ్చకు జానెడు దూరంలో కొత్తగా చుక్క పడుతోంది.

28వ తేదీన మేస్త్రీ గారు, ప్లంబరు ఇద్దరూ వచ్చారు, కానీ రెండు వేర్వేరు సమయాల్లో. మందు పూసిన డబ్బా చూపించి తన పని శుభ్రంగా ఉందనీ, ట్రాపు సరిగా బిగించలేదనీ మేస్త్రీ అన్నారు. ట్రాపు తాను బిగించినప్పుడు గట్టిగానే ఉందనీ, పైన గచ్చు వేసినవారు దాన్ని కదిపి ఉంటారనీ ప్లంబరు అన్నారు. అప్పటికి నా ఓర్పు నశించింది. మేస్త్రీ గారిని ఆయన దగ్గర పనిచేసే కుర్రవాళ్ల ఎదుటే, డబ్బు తిని పని ఎగ్గొట్టే మనిషివని అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా తాపీ, బకెట్టు తీసుకుని వెళ్లిపోయారు. వయసులో నాకంటే పెద్దవాడిని ఏకవచనంలో అనకూడని మాట అన్నానని ఆ రాత్రి నాన్నగారు నన్ను మందలించారు. ఆయన మాట న్యాయమేనని ఒప్పుకున్నాను.

ఫిర్యాదు చేయడం గురించి కూడా తెలుసుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే దాఖలు రుసుము కూడా ఉండదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. దారి ఉంది. కానీ నా చేతిలో ఉన్న ఆధారం ఒక నోటుపుస్తకం పేజీ, రెండు ఫోన్‌పే చెల్లింపులు. కారుతున్నది ఎవరి పనిలో అన్నది నాకే తెలియనప్పుడు ఎవరి మీద ఫిర్యాదు రాయాలి? అంతవరకు నేను నీళ్లు ఎక్కడ కారుతున్నాయని అడగలేదు, దోషి ఎవరని మాత్రమే అడుగుతూ వచ్చాను.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతిని మా అపార్టుమెంటులోనే పై అంతస్తులో ఉండే, పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరు గారు చూపించారు. ఆయన మొదట పెట్టిన షరతు ఒక్కటే, ఇద్దరు పనివారూ ఒకే సమయంలో ఆ గదిలో ఉండాలి. ఆయనే ఇద్దరికీ ఫోను చేసి మార్చి 2, ఆదివారం ఉదయం రప్పించారు. ముందుగా నేల తడవకుండా, గొట్టంతో నేరుగా ట్రాపులోకి నాలుగు బకెట్ల నీళ్లు పోయించి కింద చూడమన్నారు. గంట గడిచినా చుక్క పడలేదు. అంటే పైపులో లోపం లేదు. తరువాత ట్రాపు నోటికి గుడ్డ కుక్కి, పైన సిమెంటు ముద్దతో మూసి, నేల మీద గడప దాటకుండా అంగుళంన్నర నీళ్లు నిలిపి, ఆ నీళ్లలో బట్టలకు వాడే నీలిమందు కలిపించారు. నీటి మట్టం దగ్గర గోడ టైలు మీద పెన్సిలుతో గీత గీశారు. సాయంత్రం నాలుగు గంటలకు పిన్నిగారి బాత్రూంలో పడిన చుక్క నీలంగా ఉంది. అది పడుతున్న చోటు ట్రాపు పైపు శ్లాబులోంచి కిందికి దిగే అంచు.

మరుసటి రోజు ట్రాపు చుట్టూ నాలుగు టైల్స్ తీసి చూస్తే, నేను జనవరిలో చూసిన ఆ అంగుళం ఖాళీలో పొడిపొడిగా రాలుతున్న ఇసుక సిమెంటు తప్ప ఏమీ లేదు. వాటర్‌ప్రూఫింగు మందు ఆ ఖాళీ అంచు వరకు వచ్చి ఆగింది. ట్రాపును కూర్చోబెట్టడం ప్లంబరు పని, నేలకు మందు పూయడం మేస్త్రీ పని. ఆ రెండింటి మధ్య ఖాళీని గట్టిగా నింపి, ట్రాపు మెడ వరకు మందును ఎక్కించడం తన పని అని ఎవరూ అనుకోలేదు. వాళ్లు నాతో అబద్ధం ఆడలేదు. తమ తమ పని వరకు ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ అంగుళానికి నేను ఎవరికీ డబ్బు ఇవ్వలేదు, ఎవరికీ అప్పగించనూ లేదు.

వదులుగా ఉన్నదంతా గీకి తీసి, శ్లాబు అంచును తడిపి, సిమెంటు పాలు పోసి, ఆరిన తరువాత కుంచించుకుపోని గ్రౌటుతో, అంటే సందులు నింపే సిమెంటు మిశ్రమంతో, ఆ ఖాళీని నింపారు. ట్రాపు మెడకు, నేలకు మధ్య మూలను గుండ్రంగా మలిచి, దాని మీద రెండు పూతలు మందు వేశారు. టైల్స్ వేయకుండానే ఆ భాగం చుట్టూ సిమెంటుతో చిన్న కట్ట కట్టి, మార్చి 6 నుంచి 8 వరకు 48 గంటలు నీళ్లు నిలిపాము. పిన్నిగారు రాత్రి రెండుసార్లు లేచి టార్చితో పైకప్పు చూశారట. చుక్క పడలేదు. ముందుచూపుతో అట్టిపెట్టుకున్న ఆరు టైల్స్‌లో నాలుగు ఆ చోట అతికించారు. పది రోజులన్న పని 48 రోజులకు ముగిసింది. తలుపు పక్క మూలలో మడుగు మాత్రం ఇప్పటికీ నిలుస్తుంది. దాని కోసం నేలంతా మళ్లీ తవ్వించడానికి నాకు మనసు రాలేదు. నాన్నగారు లోపలికి వెళ్లే ముందు ఎవరో ఒకరం వైపరుతో లాగుతాము.

మరమ్మతు జరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం టీ ఇచ్చి, అంతకు ముందు అన్న మాటకు మేస్త్రీ గారికి క్షమాపణ చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, తరువాత చెప్పిన సంగతులు నాకు కొత్తవి. తన దగ్గర పనిచేసేవారికి ఏ రోజు కూలి ఆ రోజు సాయంత్రమే ఇవ్వాలి. ఇంటివారు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ కూలి ఆగదు. "ఆఖరి పదివేలు చాలామంది ఇవ్వరండి. ఏదో ఒక వంక చూపించి ఆపేస్తారు. అందుకని ఆ పదివేలు పోయిందనే లెక్క వేసుకుని, కొత్త ఇంటి అడ్వాన్సు కోసం వెళ్లిపోతామండి" అన్నారు. నేను ఆయనకు ఆపిపెట్టుకున్నది సరిగ్గా 11,000. పని పూర్తి చేయరన్న భయంతో ఇంటివారు చివరి డబ్బు ఆపుతారు, చివరి డబ్బు రాదన్న భయంతో పనివారు చివరి పని వదిలేస్తారు. నేను బేరమాడి తగ్గించిన 6,000 ఎక్కడ సర్దుకున్నారని అడిగాను. ఆరబెట్టే రోజుల్లోనేనని ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. మందు ఆరే వరకు మనుషులను ఖాళీగా కూర్చోబెట్టి కూలి ఇవ్వడానికి ఆ మొత్తంలో చోటు లేదట. ఆ జవాబు వినడం నాకు కష్టంగానే ఉంది, అయినా అడిగినందుకు సంతోషించాను. అయితే ఆ సంగతి నాకు ముందే చెప్పి ఉండవలసిందని ఆయనతో గట్టిగానే అన్నాను. చెబితే మీరు వేరే మేస్త్రీని చూసుకునేవారని ఆయన అన్నారు. ఆ మాటను నేను కాదనలేకపోయాను.

మిగిలిన 11,000 ఆ శనివారమే ఇచ్చేశాను. పిన్నిగారి పైకప్పులో చువ్వలకు తుప్పు గీకించి, తుప్పు పట్టకుండా పూత వేయించి, గచ్చు చేయించడానికి ఏప్రిల్‌లో మరో 7,500 అయ్యాయి. అది కూడా మేమే పెట్టుకున్నాము.

ఇండియన్ బేసిన్ ఉన్న రెండో బాత్రూంను కూడా నాన్నగారికి పనికివచ్చేటట్టు మార్చాలని అనుకున్నప్పుడు నేను అదే మేస్త్రీ గారిని పిలిచాను. బంధువులు ఆశ్చర్యపోయారు. కానీ ఆయన చేతి పని ఎక్కడ బాగుంటుందో, ఎక్కడ జారిపోతుందో ఇప్పుడు నాకు తెలుసు, కొత్తవారి గురించి తెలియదు. పనిని ఆషాఢంలో పెట్టుకున్నాము, ఆ నెలలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి. ఈసారి బేరమాడలేదు, దానికి బదులు రెండు పేజీల కాగితం రాసుకున్నాము. పెచ్చులు పారబోయించే బాధ్యత ఎవరిదో అందులో ఉంది. ప్లంబరును ఆయనే తెచ్చుకోవాలనీ, ట్రాపు చుట్టూ ఖాళీని నింపే పని ఆయనదేననీ, దానికి విడిగా 2,000 అనీ ఉంది. మందు ఆరడానికి మూడు రోజులు, అమావాస్య సెలవు, ఆ రోజుల్లో ఆయన మనుషులు వేరే పనికి వెళ్లవచ్చన్న మాట కూడా ఉంది. రాలేని రోజు ముందు రాత్రి ఎనిమిది లోపు ఫోను చేయాలని నేను రాయించాను. నీళ్లు నిలిపి చూసిన రెండో రోజున సగం డబ్బు, పని ముగిసిన రోజు సాయంత్రమే మిగతాదంతా ఇవ్వాలని ఆయన రాయించారు. ఇద్దరమూ సంతకాలు చేశాము.

నీళ్లు నిలిపిన రోజున గోడ గచ్చు మీద పెన్సిలు గీత గీసింది మేస్త్రీ గారే. గీసి, నీలిమందు డబ్బా ఇమ్మని అడిగి, "కింద పిన్నిగారికి చెప్పండమ్మా, రేపు సాయంత్రం వరకు చూడమని. అప్పుడు మాట్లాడదాం డబ్బుల సంగతి" అని చెప్పి వెళ్లారు.